విశాఖ నుంచి సమరం నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్

విశాఖపట్నం: 1971 డిసెంబరు 16 సాయంత్రం ఢాకాలోని రమ్నా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్థాన్ తూర్పు సేనల లొంగుబాటు పత్రంపై లెఫ్టినెంట్ జనరల్ నియాజీ సంతకం చేస్తున్న ఛాయాచిత్రం జగద్విఖ్యాతమైనది. పక్కన లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా ఆసీనులై ఉంటారు. వెనుక నిలబడిన వారిలో నౌకాదళ దుస్తుల్లో కనిపించే వైస్ అడ్మిరల్ పేరు చాలామందికి తెలియదు. ఆయన నీలకంఠ కృష్ణన్. ఆనాటి తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి. బంగాళాఖాతంలో జరిగిన యుద్ధాన్ని ఆయన విశాఖపట్నం నుంచే నడిపించారు.

నౌకాదళంలో పదవి పెరిగే కొద్దీ అధికారి సముద్రానికి దూరమవుతాడు. నౌకకు కెప్టెన్ ఉంటాడు. నౌకల సమూహాన్ని సముద్రంపై నడిపేందుకు రియర్ అడ్మిరల్ హోదాలో ఫ్లీట్ కమాండర్ ఉంటాడు. ఆపైన తీరంలో కూర్చునే కమాండ్ అధిపతిని ఫ్లాగ్ ఆఫీసర్ కమాండింగ్ ఇన్ చీఫ్ అంటారు. తన పరిధిలోని రేవుల రక్షణ, నౌకల మరమ్మతు, ఇంధనం, ఆహారం, ఆయుధాలు, గూఢచారి సమాచారం, ఏ నౌక ఎక్కడ ఉండాలన్న నిర్ణయం ఆయన బాధ్యతలే. ఢిల్లీలో ఉండే నౌకాదళ ప్రధానాధికారి ప్రభుత్వానికి సలహా ఇచ్చి, మొత్తం దళానికి లక్ష్యాలు నిర్దేశిస్తారు. ఆ లక్ష్యాన్ని చేతికందిన నౌకలతో సాధించవలసినవాడు కమాండ్ అధిపతి. శత్రువు ఆయన కంటికి కనిపించడు. తీరానికి చేరే అరకొర సమాచారంతోనే ఆయన ఇతరులను సముద్రం మీదికి పంపాలి. ఫలితం ఏదైనా జవాబుదారీ తానే వహించాలి. 1971లో కృష్ణన్ నిర్వహించినది ఈ పాత్రనే.

నాగర్‌కోయిల్ నుంచి నౌకాదళానికి

కృష్ణన్ 1919 జూన్ 8న నాటి తిరువాన్కూరు సంస్థానంలోని నాగర్‌కోయిల్‌లో జన్మించారు. బ్రిటిష్ పాలనలోని రాయల్ ఇండియన్ నేవీలో యువకుడిగా చేరారు. భారతీయులకు అధికారి హోదా దక్కడమే అరుదైన కాలమది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నాటి పర్షియన్ గల్ఫ్ చర్యల్లో చూపిన సాహసానికి ఆయనకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ లభించింది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

స్వాతంత్ర్యానంతరం మెట్టుమెట్టుగా ఎదిగారు. 1961 డిసెంబరులో గోవా, డామన్, దీవ్‌లను పోర్చుగీసు పాలన నుంచి విడిపించిన సైనిక చర్యలో ఆయన క్రూయిజర్ ఐఎన్‌ఎస్ ఢిల్లీకి కెప్టెన్. దీవ్ వద్ద పదాతి దళానికి అండగా ఆ నౌక ఫిరంగులు మోగించింది. ఆ తరువాత దేశపు తొలి విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు సారథ్యం వహించారు. ఆ నౌక శక్తి ఏమిటో, బలహీనత ఏమిటో ఆయనకు లోపలి నుంచి తెలుసు. ఈ అనుభవం దశాబ్దం తిరగకుండానే అక్కరకు వచ్చింది. ఢిల్లీలోని నౌకాదళ ప్రధాన కార్యాలయంలో ఉప ప్రధానాధికారిగా పనిచేసిన పిమ్మట 1971 మార్చిలో విశాఖపట్నం చేరుకుని తూర్పు కమాండ్ పగ్గాలు చేపట్టారు.

పగుళ్లిచ్చిన బాయిలర్

నాటి తూర్పు నౌకాదళం నేటి దళం వంటిది కాదు. స్వాతంత్ర్యానంతరం చాలాకాలం నౌకాదళ బలమంతా బొంబాయి చుట్టూనే కేంద్రీకృతమై ఉండేది. విశాఖలో కమొడోర్ స్థాయి అధికారి ఉండేవారు. 1968లో దీన్ని కమాండ్ స్థాయికి పెంచారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సాగే ఇరుకైన కాలువే రేవుకు రాకపోకల మార్గం. ఆ కాలువ ముఖద్వారంలో ఒక్క నౌక మునిగినా, నాలుగు మైన్లు పరచినా లోపలి నౌకలు బయటకు రాలేవు. హిందుస్థాన్ షిప్‌యార్డు, చమురు శుద్ధి కర్మాగారం ఆ పరిసరాల్లోనే ఉన్నాయి. ఒక కమాండ్ అధిపతికి ఇంతకుమించిన తలనొప్పి ఉండదు.

ఆ ఏడాది మార్చి 25 అర్ధరాత్రి తూర్పు పాకిస్థాన్‌లో సైనిక అణచివేత మొదలైంది. శరణార్థులు లక్షల సంఖ్యలో సరిహద్దు దాటి వచ్చారు. యుద్ధం తప్పదన్న సంగతి వేసవి ముగిసేనాటికి సేనాధిపతులకు అర్థమైంది. తూర్పు సముద్రంలో పాకిస్థాన్ సైన్యానికి రసదు అందకుండా, తప్పించుకునే దారి దొరకకుండా చూడడం నౌకాదళానికి అప్పగించిన పని. దానికి విమానవాహక నౌక కావాలి. విక్రాంత్ ఉంది గానీ, దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చింది. పూర్తి వేగం అందుకోలేని స్థితి. నౌక సుమారు 16 నాట్లకు మించి పోరాదని నిపుణులు చెప్పారు.

దీనిని తేలికగా తీసుకోరాదు. విమానవాహక నౌక గాలికి ఎదురుగా వేగంగా సాగినపుడే విమానం రెక్కలకు తగినంత గాలి తగిలి పైకి లేస్తుంది. నౌక వేగం తగ్గితే ఆ లోటును సముద్రపు గాలి భర్తీ చేయాలి. డిసెంబరులో బంగాళాఖాతంలో గాలి మందంగా ఉంటుంది. పైగా నెమ్మదిగా నడిచే నౌక జలాంతర్గామికి సులువైన లక్ష్యం. పశ్చిమ తీరంలో పాకిస్థాన్ విమానాలు, జలాంతర్గాములు ఉన్నాయి గనుక అక్కడ దీనిని ఉంచడం మరింత ప్రమాదం. నౌకాదళ ప్రధానాధికారి అడ్మిరల్ ఎస్.ఎం. నందా దానిని తూర్పుకు పంపాలని నిర్ణయించారు. నవంబరు 1న తూర్పు ఫ్లీట్‌ను లాంఛనంగా ఏర్పాటు చేసి, రియర్ అడ్మిరల్ ఎస్.హెచ్. శర్మను దానికి కమాండర్‌గా నియమించారు. విక్రాంత్‌కు కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ సారథి. బ్రహ్మపుత్ర, బియాస్, కమోర్తా, కవరత్తి వంటి నౌకలు తోడయ్యాయి. నందా లక్ష్యం ఇచ్చారు, శర్మ సముద్రంపై నడుపుతారు. కుంటుతున్న నౌకను యుద్ధం మొదలయ్యేదాకా శత్రువు కంటబడకుండా కాపాడడం కృష్ణన్ వంతైంది.

లేని నౌకకు కూరగాయలు

ఆయన ఎంచుకున్న దారి విచిత్రమైనది. విక్రాంత్‌ను నవంబరు మధ్యలోనే అండమాన్ దీవుల ఉత్తర కొసన ఉన్న పోర్ట్ కార్న్‌వాలిస్‌కు తరలించారు. జనసంచారం లేని ఆ సహజ రేవుకు పోర్ట్ ఎక్స్‌రే అని రహస్య నామం పెట్టారు. నౌక వెళ్లిపోయినా, అది ఈ తీరంలోనే ఉన్నట్టు శత్రువుకు కనిపించాలి. అందుకోసం పాత డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ను విశాఖకు దూరంగా సముద్రంలోకి పంపి, విక్రాంత్ మాదిరిగా విస్తారంగా వైర్‌లెస్ సందేశాలు పంపమన్నారు. యుద్ధ సమయంలో ఎవరూ చేయని పని మరొకటి చేయించారు. నౌకలోని ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం గురించి వాకబు చేస్తున్నట్టు సంకేత భాష లేకుండా ఒక తంతి పంపించారు. ఒక విమానవాహక నౌకలోని సిబ్బందికి సరిపడా మాంసం, తాజా కూరగాయలు కావాలని విశాఖలో భారీగా ఆర్డర్లు ఇచ్చారు. బజారులో ఇంత సరకు కొంటున్నారన్న కబురు గూఢచారుల చెవిన పడకుండా ఉండదని ఆయన లెక్క. యుద్ధ తంత్రంలో కూరగాయల గంపకు చోటు దక్కడం అరుదే.

అవతలి వైపు పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. అమెరికాలో డయాబ్లో పేరుతో నిర్మితమై, 1964లో పాకిస్థాన్‌కు అద్దె ప్రాతిపదికన వచ్చిన నౌక అది. దూరప్రయాణం చేయగల జలాంతర్గామి వారికి అదొక్కటే. విక్రాంత్‌ను వెతికి ముంచడం, విశాఖ ముఖద్వారంలో మైన్లు పరచడం దాని కర్తవ్యాలు. జలాంతర్గాములు, మైన్ల ఏరివేత నౌకలు మాత్రమే వాడే ఒక రకం కందెన నూనె గురించి చిట్టగాంగ్‌లోని అధికారులను అడుగుతున్న సందేశం మన వారి చేతికి చిక్కింది. ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చిందని కృష్ణన్ గ్రహించడానికి ఆ నూనె మాట చాలింది.

డిసెంబరు 3 అర్ధరాత్రి

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్థాన్ విమానాలు పశ్చిమాన మన వైమానిక స్థావరాలపై బాంబులు కురిపించాయి. విశాఖ రేవులో దీపాలు ఆర్పివేశారు. కృష్ణన్ రాజ్‌పుత్ సారథి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌ను పిలిపించి, పరిస్థితి వివరించి, అర్ధరాత్రికి ముందే రేవు విడిచి వెళ్లమన్నారు. రేవు వెలుపల జలాంతర్గామి పొంచి ఉండవచ్చని ఇద్దరికీ తెలుసు. తీరాన ఉన్నవాడు ఆజ్ఞ ఇచ్చాడు, నౌకలో ఉన్నవాడు వెళ్లాడు. కమాండ్ అధిపతి పదవిలోని అసలు బరువు ఈ ఒక్క ఘట్టంలో కనిపిస్తుంది.

రాజ్‌పుత్ ఇరుకు కాలువ దాటి పైలట్‌ను దింపివేసింది. కొద్దిసేపటికే ముందు భాగాన నీరు అలజడిగా ఉన్నట్టు కాపలా నావికుడు చూశాడు. ఏదో మునుగుతున్నదని భావించి సారథి వేగం పెంచి, ఆ చోట రెండు డెప్త్ చార్జీలు వేయించాడు. మరికొంతసేపటికి పెద్ద పేలుడు సంభవించింది. ప్రధాని ఇందిరాగాంధీ రేడియోలో జాతినుద్దేశించి ప్రసంగిస్తున్న వేళ అది. తీరం వెంబడి ఇళ్ల కిటికీలు అదిరాయి. మరునాడు వేటకు వెళ్లిన మత్స్యకారులు సముద్రంలో తేలుతున్న లైఫ్ జాకెట్‌ను, కొన్ని శకలాలను తెచ్చి అప్పగించారు. నౌకాదళ గజ ఈతగాళ్లు లోతుకు దిగి ఘాజీయేనని నిర్ధారించారు. డిసెంబరు 9న ప్రభుత్వం ఈ సంగతి ప్రకటించింది. ఘాజీలో ఉన్న 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు.

పేలుడుకు కారణం మీద నాటి నుంచి నేటి వరకు వాదం తెగలేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని భారత నౌకాదళం ప్రకటించింది. కృష్ణన్ కడదాకా ఆ మాటకే కట్టుబడ్డారు. తాను పరచిన మైన్ తగిలిగానీ, లోపలి ఆయుధాలు ప్రమాదవశాత్తు పేలిగానీ ఘాజీ మునిగిందని పాకిస్థాన్ వాదన. మన విశ్రాంత అధికారుల్లోనూ కొందరు దుర్ఘటన వాదం వైపు మొగ్గారు. ఇందర్ సింగ్‌కు వీరచక్ర లభించింది. ఆ వాదం ఎటు తేలినా, ఘాజీ విశాఖ ముంగిట తచ్చాడుతున్న వేళ విక్రాంత్ అక్కడికి వందల మైళ్ల దూరంలో భద్రంగా ఉన్నదన్నది మాత్రం నిర్వివాదం. కృష్ణన్ ఘనతను లెక్కించవలసింది అక్కడే అనిపిస్తుంది.

మూడు నగరాలు, ముగ్గురు సేనాపతులు

డిసెంబరు 4 ఉదయం విక్రాంత్ నుంచి సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీదికి, ఆ తరువాత చిట్టగాంగ్ మీదికి వెళ్లాయి. అలీజే విమానాలు రాత్రివేళ దాడులు సాగించాయి. పది రోజుల పాటు తూర్పు పాకిస్థాన్ రేవులు, రన్‌వేలు, నదీ ముఖద్వారాల్లోని నౌకలు ధ్వంసమయ్యాయి. బయటి నుంచి సాయం రాలేదు, లోపలి నుంచి సేన తప్పించుకోలేదు. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కు మహావీరచక్ర ప్రకటించారు. కుంటి బాయిలర్‌తోనే ఆ నౌక యుద్ధాన్ని ముగించింది.

విజయగాథలో చెప్పకుండా దాటవేసే భాగాలూ ఉన్నాయి. తూర్పు యుద్ధానికి సైనిక, నౌకా, వైమానిక దళాలను కలిపి నడిపే ఒకే సేనాపతి లేడు. పదాతి దళ కమాండర్ అరోరా కలకత్తా ఫోర్ట్ విలియంలో ఉన్నారు. వైమానిక కమాండర్ ఎయిర్ మార్షల్ దివాన్ ప్రధాన కేంద్రం షిల్లాంగ్‌లో ఉంది. కృష్ణన్ విశాఖలో ఉన్నారు. ముగ్గురూ సమాన హోదా కలవారు. సమన్వయం పరస్పర సంప్రదింపుల మీద, సదవగాహన మీద ఆధారపడింది. అది ప్రతిసారీ ఫలించలేదు. డిసెంబరు 10న ఖుల్నా వద్ద ముక్తివాహిని పడవలు పద్మ, పలాశ్ మన ఐఎన్‌ఎస్ పన్వేల్‌తో కలిసి ముందుకు సాగుతుండగా, మన యుద్ధ విమానాలే వాటిని శత్రువువిగా పొరబడి దాడి చేశాయి. రెండు పడవలూ నాశనమయ్యాయి. పలాశ్‌లో పనిచేస్తూ మరణించిన రుహుల్ అమీన్‌కు బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారమైన వీర శ్రేష్ఠను ప్రకటించింది. పన్వేల్ బయటపడి పోరాటం కొనసాగించింది.

రెండోది కాక్స్ బజార్ తీరాన సేనలను దింపిన ప్రయత్నం. పాకిస్థాన్ సైనికులు బర్మా వైపు పారిపోకుండా అడ్డుకోవాలన్నది ఉద్దేశం. ఆదేశం ఆఖరు నిమిషంలో వచ్చింది. నౌక నుంచి తీరానికి దిగడంలో గూర్ఖా సైనికులకు తగిన శిక్షణ లేదు. ఆ తీరం లోతుపాతుల గురించి సరైన సమాచారం లేదు. ఇసుక తిన్నె అవతల లోతైన నీటిలో దిగి ఇద్దరు సైనికులు మునిగి మరణించారు. ఒడ్డున ఎదిరించే శత్రువే లేడు. ఇటువంటి పనికి నెలల తరబడి సాధన అవసరమని తరువాతి అధ్యయనాలన్నీ తేల్చాయి.

ఈలోగా అమెరికా సప్తమ నౌకాదళానికి చెందిన అణుశక్తి విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్, తోడు నౌకలతో మలక్కా జలసంధి దాటి డిసెంబరు 15న బంగాళాఖాతంలో ప్రవేశించింది. విక్రాంత్‌తో పోలిస్తే అది ఎన్నో రెట్లు పెద్దది. దాని ఉద్దేశం బెదిరింపా, పాకిస్థాన్ సైన్యాన్ని తరలించడమా అన్నది విశాఖలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఇటువంటి ఘడియలో కమాండ్ అధిపతి తొందరపడితే ప్రపంచ యుద్ధం, వెనుకాడితే చేజారిన విజయం. చిట్టగాంగ్, కాక్స్ బజార్‌ల రేవులు, రన్‌వేలు ఎవరికీ ఉపయోగపడకుండా చేసే దాడులను తూర్పు ఫ్లీట్ ఆపలేదు. మరునాటికే ఢాకా లొంగిపోయింది. ఎంటర్‌ప్రైజ్ ఒక్క గుండు పేల్చకుండా వెనుదిరిగింది.

ఆ సాయంత్రమే కృష్ణన్ ఢాకా చేరి లొంగుబాటు కార్యక్రమంలో పాల్గొన్నారు. సుమారు 93 వేల మంది యుద్ధ ఖైదీలయ్యారు.

రేవు నుంచి నౌకా నిర్మాణానికి

1972లో ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది. పరమ విశిష్ట సేవా పతకం కూడా ఆయన అందుకున్నారు. నౌకాదళ ప్రధానాధికారి పదవి మాత్రం ఆయనను వరించలేదు. 1973 మార్చిలో అది పశ్చిమ కమాండ్‌ను నడిపిన ఎస్.ఎన్. కోహ్లీకి దక్కింది. కరాచీ రేవుపై క్షిపణి దాడులు జరిపింది ఆ పశ్చిమ నౌకాదళమే. డిసెంబరు 4న ఏటా జరుపుకునే నౌకాదళ దినోత్సవం కూడా కరాచీ దాడికి గుర్తుగానే ఏర్పడింది. అదే తేదీ వేకువకు ముందు విశాఖ ముంగిట ఘాజీ మునిగిందన్న సంగతి ఈ ప్రాంతవాసులు గుర్తుంచుకున్నంతగా మిగతా దేశం గుర్తుంచుకోలేదు. విశాఖ బీచ్ రోడ్డులో 1996లో నెలకొల్పిన విజయ స్మారకం వద్ద ఏటా ఆ రోజున పుష్పగుచ్ఛాలు ఉంచి అమరులకు నివాళులర్పిస్తారు.

నౌకాదళం నుంచి విశ్రాంతి పొందిన తరువాత కృష్ణన్ కొచ్చిన్ షిప్‌యార్డుకు అధిపతిగా పనిచేశారు. అప్పటికి అది నిర్మాణ దశలో ఉన్న సంస్థ. యుద్ధనౌకలను నడిపిన చేతికి నౌకలను కట్టే సంస్థ బాధ్యత దక్కింది.

బంగాళాఖాత యుద్ధం గురించి ఆయన రాసిన ఆంగ్ల గ్రంథం నో వే బట్ సరెండర్ 1980లో వెలువడింది. రాజ్‌పుత్ ఎత్తుగడ, పోర్ట్ ఎక్స్‌రే రహస్యం, కూరగాయల ఆర్డర్లు పాఠకులకు వివరంగా తెలిసింది దాని ద్వారానే. ఒక సేనాపతి తన యుద్ధాన్ని తానే చెప్పుకున్న గ్రంథం గనుక దానిని ఇతర కథనాలతో పోల్చి చదవాలి. అయినా కమాండ్ కార్యాలయం లోపల నిర్ణయాలు ఎలా రూపుదిద్దుకుంటాయో ఇంత దాపరికం లేకుండా రాసిన భారతీయ సేనానులు తక్కువ. పుస్తకం వచ్చిన రెండేళ్లకే, 1982 జనవరి 30న ఆయన కన్నుమూశారు. వయసు 62 ఏళ్లు. మిగిలిన రాతప్రతుల ఆధారంగా ఆయన కుమారుడు సిద్ధం చేసిన ఆత్మకథ ఎ సెయిలర్స్ స్టోరీ 2011లో వెలువడింది.

ఆయన కాపాడిన విక్రాంత్ 1997 జనవరి 31న సేవల నుంచి వైదొలగింది. కొన్నాళ్లు ముంబైలో ప్రదర్శనశాలగా ఉండి, చివరకు 2014లో తుక్కుకు పోయింది. ఘాజీ శకలాలు మాత్రం విశాఖ తీరానికి సమీపంలోనే సముద్ర గర్భంలో ఉన్నాయి. జలాంతర్గాముల నుంచి సిబ్బందిని రక్షించేందుకు నౌకాదళం సమకూర్చుకున్న లోతు నీటి రక్షణ వాహనం వాటిని గుర్తించినట్టు 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. అందులో ప్రాణాలు కోల్పోయిన నావికుల పట్ల గౌరవంతో శకలాలను తాకకుండా అలాగే ఉంచారు.